బదల్ దొరికేదాకా: ఒక ట్రాన్సిస్టర్ షజరా

మన ఇళ్లల్లో ట్రాన్సిస్టర్ అంటే రేడియోనే. "ట్రాన్సిస్టర్ పెట్టు బేటా, ఖబరాఁ టైమ్ అయింది" అని నానా అంటే మేం వెళ్లి రేడియో చెవి తిప్పేవాళ్లం. అసలు ట్రాన్సిస్టర్ అన్నది దాని లోపల కూర్చున్న శనగగింజంత వస్తువు అని చాలా రోజులు తెలీదు. ఆ గింజలు లోపల ఎన్ని ఉంటే రేడియోకి అంత షాన్. '6 ట్రాన్సిస్టర్', '8 ట్రాన్సిస్టర్' అని డబ్బా మొహం మీదే అచ్చు వేసుకునేవాళ్లు. నౌకరు పేరు హవేలీకి పెట్టినట్టు, గింజ పేరు డబ్బాకి పోయింది. డబ్బాలు పోయాక పేరూ పోయింది.

ఈ మజ్మూన్ ఆ గింజల గురించి. పాత స్టీరియో యాంప్లిఫయర్‌లో అలాంటి గింజ ఒకటి చచ్చిపోతే, ఆ నంబరుది చేసే కార్ఖానా ఎప్పుడో మూతపడి ఉంటే, దాని జాగాలో ఏది పెట్టాలి? చూడ్డానికి ఇది మెకానిక్‌కు సంబంధించిన సవాల్. దిగి చూస్తే తారీఖ్, అంటే చరిత్రకు సంబంధించిన సవాల్. ఒక సంగతి ముందే చెప్పాలి. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు నేను ఒక నోట్‌బుక్‌లో ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన మాటలు రాసుకునేవాణ్ని. మరమ్మతు, బదులు, అసలు, నకలు. ఈ నాలుగూ ఒకే పేజీలో ఉన్నాయి. ఇవాళ నేను చెప్పబోయే కథంతా ఆ నాలుగు మాటల్లోనే నడుస్తుంది.

మా పెద్ద మామూ 1978లో జెద్దా నుంచి మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన యాంప్లిఫయర్ మా అమ్మీ దగ్గర ఉంది. జపాన్‌ది. అల్యూమినియం మొహం, బరువైన నాబులు, ఒక్కరే ఎత్తలేని బరువు. 1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాల్లో పని దొరకడం మొదలైంది. మన వాళ్లు పొలోమని వెళ్లారు. వచ్చేటప్పుడు ఒక కంబళి, ఒక సెంటు సీసా, ఒక టేప్‌రికార్డర్ తెచ్చేవాళ్లు. మామూకి పాట పిచ్చి కాబట్టి యాంప్లిఫయర్ తెచ్చాడు. అప్పట్లో ఫోన్ మాట్లాడాలంటే ఆస్తులు అమ్ముకోవాలి. అందుకని క్యాసెట్ మీద మాటలు నింపి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. మీ ఇళ్లల్లోనూ అలాంటి క్యాసెట్లు ఉండే ఉంటాయి. మామూ ఇప్పుడు లేడు. అవి పదకొండు ఉన్నాయి. మా చెల్లి కూతురు వాటిని ఫోన్‌లోకి ఎక్కించింది గానీ, అమ్మీకి ఆ ఆవాజ్ నచ్చలేదు. "ఫోన్లో నా తమ్ముడు దోమలాగ మాట్లాడుతున్నాడు" అంది. ఆ యాంప్లిఫయర్ మీదే వినాలి ఆమెకి. దాని ఎడమ చానల్ ఏమో పొయ్యి మీద తాళింపు వేసినట్టు చిటపటలాడుతోంది.

చిటపటకి కారణం వెదికితే ఒక ట్రాన్సిస్టర్ దగ్గర తేలింది. దాని వీపు మీద ఏ726 అని ఉంది. అంతే. ఆ నాలుగు అక్షరాల వెనక ఎంత తారీఖ్ ఉందో చూడండి.

నేను స్కూల్లో సైన్స్ ఉర్దూలో చదివాను. కరెంటు అంటే బర్ఖీ రౌ. కరెంటును పోనిచ్చేది మూసిల్, పోనివ్వనిది గైర్ మూసిల్. రెండింటికీ మధ్యలో ఉండేది నీమ్ మూసిల్. తెలుగులో అర్ధవాహకం. ఉర్దూలో సైన్స్ మాటలు అంత చక్కగా అమరడానికి పునాది మన హైదరాబాద్‌లోనే పడింది. ఉస్మానియా యూనివర్సిటీ కోసం 1917లో మొదలైన దారుల్ తర్జుమా వందల పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చింది. ట్రాన్సిస్టర్ పుట్టే నాటికి మాత్రం ఆ రోజులు ముగింపుకొస్తున్నాయి.

పుట్టింది అమెరికాలో, బెల్ ల్యాబ్స్‌లో, 1947 డిసెంబర్‌లో. జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ ఒక జర్మేనియం ముక్క మీద రెండు బంగారు మొనలు ఆనించి చిన్న సిగ్నల్‌ను పెద్దది చేసి చూపించారు. వాళ్ల గ్రూపు పెద్ద విలియం షాక్లీ ఆ తర్వాత ఇంకా గట్టి డిజైన్ ఒకటి చేశాడు. ముగ్గురికీ 1956లో నోబెల్ వచ్చింది. అసలు పని ఏమిటంటే, నల్లా తిప్పినట్టు. మూడు కాళ్లలో బేస్ అనే కాలికి కొంచెం కరెంటు ఇస్తే, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కి దానికి వంద రెట్లో రెండు వందల రెట్లో కరెంటు కదులుతుంది. వేలితో తిప్పితే ఏరు పారినట్టు. ఎన్ని రెట్లు అన్నదాన్ని గెయిన్ అంటారు. ఆ అంకె మనకి తర్వాత కావాలి.

మొదటి తరం అంతా జర్మేనియమే. జర్మేనియంకి గుణం ఉంది, తబీయత్ నాజూకు. వేడి తగిలితే లీక్ అవుతుంది. లీక్ అయితే ఇంకా వేడెక్కుతుంది, వేడెక్కితే ఇంకా లీక్ అవుతుంది. చివరికి తనను తాను కాల్చుకుంటుంది. కర్నూలు ఎండలో రేడియో దుకాణాలకి ఏప్రిల్, మే నెలలు పండగ లాంటివని మా ఉస్తాద్ అనేవాడు. ఆయన గురించి తర్వాత చెబుతాను. 1954లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో గోర్డన్ టీల్ సిలికాన్ ట్రాన్సిస్టర్ చేసి చూపించాక జర్మేనియం రోజులు లెక్కలోకి వచ్చాయి. సిలికాన్ రెట్టింపు వేడిని తట్టుకుంటుంది.

మన దేశంలో ఈ మార్పు కాస్త నిదానంగా జరిగింది. బెంగళూరులో 1954లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ భారత్ ఎలక్ట్రానిక్స్ ఏసీ128, ఏసీ187, ఏసీ188 లాంటి జర్మేనియం ట్రాన్సిస్టర్లు చేసింది. నలభై దాటిన ఏ రేడియో మెకానిక్‌ని అడిగినా ఏసీ187-188 జోడీని మొగుడూ పెళ్లాల పేర్లు చెప్పినట్టు చెబుతాడు. ఇప్పుడు అవి కొత్తవి లేవు. దాని జాగాలో సిలికాన్‌ది పెడదామంటే నేరుగా కుదరదు. జర్మేనియం బేస్ దగ్గర 0.2 వోల్టు, మహా అయితే 0.3 వస్తే కళ్లు తెరుస్తుంది. సిలికాన్‌కి 0.6 పైన కావాలి. చుట్టూ ఉన్న రెసిస్టర్లు అన్నీ ఆ 0.2 లెక్కన పెట్టినవి. పెట్టిన సిలికాన్ నిద్రలేవదు, పాట చితికిపోయి వస్తుంది. లేపాలంటే చుట్టుపక్కల సామాను కూడా మార్చాలి. అంటే ఇక్కడ బదల్ ఒక గింజకి కాదు, మొత్తం మొహల్లాకి.

సిలికాన్‌లో అలా కాదు. కొన్ని ఖానదాన్లు చక్కగా తరం తరం దిగి వచ్చాయి. యూరప్ వాళ్ల బీసీ107, 108, 109 చూడండి. మొదట ఇనుప టోపీ పెట్టుకుని వచ్చాయి. తర్వాత ప్లాస్టిక్ ఒంటితో బీసీ147, 148, 149 అయ్యాయి. ఆ తర్వాత మనం ఇప్పుడు చూసే చిన్న నల్ల డబ్బీలో బీసీ547, 548, 549. వేషం మారింది, కాళ్ల వరస మారింది, నెత్తురు అదే. బీసీ148 చచ్చిపోతే బీసీ548 పెట్టమని ఏ మెకానిక్ అయినా నిద్రలో కూడా చెబుతాడు. ఇలాంటి చోట్ల బదల్ అంటే పోయినవాడి మనవణ్ని పిలవడమే.

ఈ పేర్ల సంగతి కూడా ఒకసారి చూసుకోవాలి. ఒక్కో ముల్క్‌ది ఒక్కో దస్తూర్. అమెరికాది 2ఎన్ అని మొదలవుతుంది. తర్వాత వచ్చే అంకె రిజిస్టర్ అయిన వరస, అంతే. 2ఎన్3055 అన్న పేరులో అది ఎంత పెద్దదో, ఎందుకు పనికొస్తుందో ఏమీ లేదు. యూరప్ వాళ్లు కాస్త నయం. మొదటి అక్షరం ఏ అయితే జర్మేనియం, బీ అయితే సిలికాన్. రెండో అక్షరం పని చెబుతుంది. సీ అంటే చిన్న ఆడియో, డీ అంటే పెద్ద ఆడియో. ఏసీ128 అంటే పేరులోనే జాత్, పేషా రెండూ ఉన్నాయి. జపాన్ వాళ్లది 2ఎస్ అని మొదలవుతుంది. తర్వాత ఏ, బీ అయితే పీఎన్‌పీ జాతి. సీ, డీ అయితే ఎన్‌పీఎన్ జాతి. కరెంటు ఒకదాంట్లో ఇటు, ఇంకోదాంట్లో అటు నడుస్తుంది. మా స్కూలు మాటల్లో చెప్పాలంటే ఒకటి మన్ఫీ, ఒకటి ముస్బత్ వైపు ఆనుకుని పనిచేస్తుంది. జాగా తక్కువ కాబట్టి జపాన్ వాళ్లు ఒంటి మీద 2ఎస్ వదిలేసి మిగతాది అచ్చు వేస్తారు. మా యాంప్లిఫయర్‌లోని ఏ726 పూర్తి పేరు 2ఎస్‌ఏ726. పీఎన్‌పీ అని పేరే చెప్పింది.

ఈ రెండు జాతుల మధ్య ఒక పాత అసమానత ఉంది. అది తెలీకపోతే పాత యాంప్లిఫయర్ అర్థం కాదు. స్పీకరును తోయడానికి ఒకరు, లాగడానికి ఒకరు కావాలి. ఒకటి ఎన్‌పీఎన్, ఒకటి పీఎన్‌పీ, ఇద్దరూ సమానమైన బలం ఉన్నవాళ్లయితే లెక్క సరిపోతుంది. కానీ జర్మేనియం రోజుల్లో పీఎన్‌పీ చేయడం తేలిక. సిలికాన్ వచ్చాక తారుమారు. ఎన్‌పీఎన్ తేలిక, బలమైన పీఎన్‌పీ దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. 1956లోనే ఆర్‌సీఏ కంపెనీలో హెచ్.సీ. లిన్ అనే ఇంజనీరు దీనికి ఒక తద్బీర్ చూపించాడు. బయట బరువు మోసేవాళ్లు ఇద్దరూ ఒకే జాతివాళ్లు, లోపల వాళ్లను నడిపించే చిన్నవాళ్లు మాత్రం వేరు వేరు జాతులు. చూసేవాళ్లకి జోడీ లాగే ఉంటుంది. సిలికాన్ యాంప్లిఫయర్లు మొదటి పదేళ్లు ఎక్కువగా దీని మీదే బతికాయి. ఆ కాలపు యాంప్లిఫయర్ వెనక విప్పి చూస్తే, రెండూ ఒకే నంబరు ఉన్న పెద్ద ఇనుప ట్రాన్సిస్టర్లు కనబడతాయి. ఎవరో తప్పు బిగించారని అనుకోవద్దు. దాని వయసు అది చెబుతోంది.

అలాంటి చోట ఎక్కువగా కనిపించే పేరు 2ఎన్3055. ఆర్‌సీఏ వాళ్లు 1960ల మొదట్లో తెచ్చారు. చెవులు రెండు పక్కలా చాచిన కోడిగుడ్డు ఆకారపు ఇనుప డబ్బా. 60 వోల్టులు, 15 ఆంపియర్లు, 115 వాట్లు. సభల్లో, షాదీల్లో, జల్సాల్లో మోగిన లౌడ్‌స్పీకర్ యాంప్లిఫయర్లలో, ఇన్వర్టర్లలో, బ్యాటరీ చార్జర్లలో అన్నిట్లో ఇదే. మెకానిక్‌ల మధ్య దీనికి ముద్దుపేరు 'పచ్‌పన్', యాభై ఐదు. ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. అయితే పేచీ ఏంటి? పేచీ ఉంది. మొదటి 2ఎన్3055ని హోమ్‌టాక్సియల్ అనే పద్ధతిలో చేశారు. మెల్లగా పనిచేసేది, మొండిది, ఎంత బాదినా చావదు. వేగం లెక్కన దాని నాగా లేని హామీ 0.8 మెగాహెర్ట్జ్. తర్వాత ఎపిటాక్సియల్ అనే కొత్త పద్ధతి చవక అయ్యేసరికి కంపెనీలన్నీ దాంట్లోకి మారాయి. కొత్తదాని హామీ 2.5 మెగాహెర్ట్జ్. మూడు రెట్లు చురుకు. నంబరు మాత్రం మారలేదు.

వేగం ఎక్కువైతే మంచిదే కదా అంటారు. కాదు. పాత యాంప్లిఫయర్ నక్షా ఆ మందకొడి మనిషిని చూసుకుని గీసింది. వాడి జాగాలో చురుకువాణ్ని కూర్చోబెడితే, మన చెవికి వినబడని చోట సర్క్యూట్ తనలో తాను ఊగడం మొదలుపెడుతుంది. పాట ఏమీ తేడా లేకుండా వస్తూ ఉంటుంది, ట్రాన్సిస్టర్ మాత్రం చేయి పెట్టలేనంత కాలుతూ ఉంటుంది. ఒకరోజు ఠప్. ఇద్దరూ 2ఎన్3055లే. హమ్‌నామ్‌లు, అంటే పేరు ఒకటైనవాళ్లు, అంతే. 'ఒరిజినల్ నంబరే వేయించాలి' అని పట్టుబట్టే షౌకీన్లకు నేను చెప్పేది ఇదే. నంబరు అసల్ అయినంత మాత్రాన మాల్ అసల్ కాదు. మాల్ అసల్ అయినా, మీ పెట్టె పుట్టిన జమానా మాల్ కాకపోవచ్చు. పేరు చూసి కాదు, పని చూసి, పుట్టుక చూసి పెట్టాలి.

ఇప్పుడు మా ఏ726 దగ్గరికి వద్దాం. జపాన్ యాంప్లిఫయర్లు మరమ్మతు చేసే లోకంలో కొన్ని నంబర్లు బద్‌నామ్. 2ఎస్‌సీ458 ఒకటి. దాని కాళ్లు ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడతాయి. 2ఎస్‌ఏ726 ఇంకొకటి. 1970ల్లో దాన్ని చప్పుడు లేని ట్రాన్సిస్టర్ అని ఎంచి మరీ ఇన్‌పుట్ దగ్గర, అన్నిటికన్నా సన్నని సిగ్నల్ వచ్చే చోట పెట్టారు. నలభై, యాభై ఏళ్లకు అదే చిటపటకి మొదటి ముద్దాయి అయింది. అక్కడ ఒకటి కాదు, రెండు ఉంటాయి, పక్కపక్కనే, కవలల్లాగ. వచ్చిన పాటనీ, బయటికి పోతున్న పాటనీ అవి పోల్చి చూసుకుంటూ ఉంటాయి. అందుకని రెండింటి గెయిన్ దగ్గర దగ్గరగా ఉండాలి. త్రాసు తట్టల్లాంటివి. ఒకటి బరువెక్కితే స్పీకరు తీగ మీదికి పాట కాకుండా ఉత్త డీసీ కరెంటు వస్తుంది. అది వోల్టుల్లోకి పోతే స్పీకరు కాయిల్ కాలిపోతుంది. ఇక్కడ తప్పుడు బదల్ పెడితే పోయేది పది రూపాయల గింజ కాదు, యాభై ఏళ్ల స్పీకర్లు.

మా ఉస్తాద్ అన్నాను కదా. నాకు ఉస్తాద్ కాదు, ఊరందరికీ ఉస్తాద్. కర్నూలు వన్‌టౌన్‌లో ఆయన రేడియో దుకాణం ఉండేది. నేను స్కూలు నుంచి వచ్చేటప్పుడు అక్కడ నిలబడి చూసేవాణ్ని. ఆయన ఇంతెఖాల్ అయ్యాక కొడుకు అదే దుకాణంలో ఫోన్లు బాగు చేస్తున్నాడు. చేయి తిరిగినవాడు. మైక్రోస్కోప్ కింద చీమ కాలంత సామాను అతికించగలడు. యాంప్లిఫయర్ తీసుకెళితే చూసి, "దీని నంబరు ఎక్కడా లేదు భాయ్. అబ్బా డైరీలో ఉంటుందేమో. కానీ నాకు చదవడం రాదు" అన్నాడు. ఇంగ్లిష్ మీడియం బిడ్డ. తీసి ఇచ్చాడు. 1984 నాటి డైరీ. దుకాణం వాసన, సీసం వాసన అట్టకి పట్టేసి ఉంది. లోపల ముప్ఫై ఏళ్ల బదల్‌లు, అన్నీ ఉర్దూలో.

బజారులో బదల్ పుస్తకాలు లేవని కాదు. టవర్స్ అనే ఆయన చేసిన ట్రాన్సిస్టర్ సెలెక్టర్ పెద్ద దుకాణాల్లో ఉండేది. వేల నంబర్లు, వాటి వోల్టులు, వాట్లు, ఎదురుగా ఈక్వివలెంట్. కానీ పుస్తకం కాగితం మీద సరిపోయేది చెబుతుంది. మన బజారులో దొరికేదేమిటి, పెట్టాక ఏమైంది అన్నది చెప్పదు. డైరీ అది చెబుతుంది. ఒక చోట 458 ఎదురుగా 1815 అని, కింద 'టాంగాఁ బరాబర్' అని రాసి ఉంది. అంటే కాళ్ల వరస సరిపోతుంది. ఇంకో చోట ఒక బీసీ నంబరు దగ్గర 'టాంగాఁ ఉల్టే, దేఖ్‌కే లగానా'. ఇది ఉత్తమాట కాదు. చదును వైపు మన మొహానికి పెట్టి కాళ్లు కిందికి పట్టుకుంటే, జపాన్ చిన్న ట్రాన్సిస్టర్లలో ఎక్కువ వాటికి ఎడమ నుంచి ఎమిటర్, కలెక్టర్, బేస్. అమెరికా 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. యూరప్ బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. ముగ్గురూ ఒకే గుడ్డలు కట్టుకున్నారు, లోపల ముగ్గురిదీ మూడు రకాల వరస. అన్ని అంకెలూ కుదిరి, కాళ్లు చూసుకోకపోతే స్విచ్ వేసిన క్షణమే పోతుంది. జర్మేనియం పేజీలో పైన ఒకే వాక్యం, గీత గీసి: 'ఇస్‌కీ జగహ్ సిలికాన్ నక్కో'. నక్కో అన్న ఒక్క దక్కనీ మాటలో టవర్స్ పుస్తకం పేజీ అంతా ఉంది.

726 దొరికింది. ఎదురుగా ఉన్న నంబరు కొడుకు ముందే చూసి '97' అనుకున్నాడట. అతని తప్పేమీ లేదు. ఉర్దూ అంకెల్లో సిఫర్ అంటే ఒక చుక్క. ఏడు తలకిందుల గుడారంలా, ఎనిమిది నిలబెట్టిన గుడారంలా ఉంటుంది. చుక్కని చూడకపోతే 970 కాస్తా 97 అవుతుంది. గుడారం తిరగబడితే 980 అవుతుంది. అది 970. అంటే 2ఎస్‌ఏ970, తోషిబా వాళ్లది. చప్పుడు తక్కువ, 120 వోల్టులు తట్టుకుంటుంది, కాళ్ల వరస అదే. ఉస్తాద్ సరిగ్గానే పట్టాడు. ముష్కిల్ ఏంటంటే, ఇప్పుడు తోషిబా దాన్ని కూడా చేయడం మానేసింది. బదల్‌కి బదల్ కావాలి.

అయినా ఒక దుకాణంలో ఉన్నాయంటే పది తెప్పించాడు. చూడ్డానికి ముద్దుగా ఉన్నాయి. స్పిరిట్ అద్దిన దూదితో రుద్దితే ఒకదాని నంబరు పొడి రాలినట్టు రాలింది. టెస్టర్‌లో పెడితే గెయిన్ 110, 135, 160, ఇలా ఉన్నాయి. అసలు 970కి 200 కన్నా తక్కువ ఉండకూడదు. ఏ కార్ఖానాదో ఏ మామూలు గింజకో కొత్త పేరు అచ్చు వేసినవి. ఆగిపోయిన నంబర్లకే ఈ జాలీ మాల్ ఎక్కువ. కార్ఖానా మూతపడితే గిరాకీ మూతపడదు కదా. ఇప్పుడు మన ఊళ్లల్లో యాంప్లిఫయర్ బిగించే పిల్లలు '5200-1943' అని ఒక్క ఊపిరిలో చెప్పే తోషిబా పెద్ద జోడీ ఉంది. 2ఎస్‌సీ5200, 2ఎస్‌ఏ1943. దానికీ ఇదే బాధ. నకిలీదాన్ని పగలగొడితే లోపల సిలికాన్ ముక్క అసలుదాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు. మెల్లగా వాయిస్తే బతుకుతుంది. గట్టిగా వాయించిన రోజు స్పీకరును తీసుకుని పోతుంది.

అందుకని నేను నంబరు వదిలేసి షజరా వెదికాను. చప్పుడు తక్కువ పీఎన్‌పీల్లో ఎన్‌ఈసీ వాళ్ల 2ఎస్‌ఏ992కి మంచి పేరు. దానికి తోడు 2ఎస్‌సీ1845. ఎన్‌ఈసీ చిప్పుల విభాగం 2010లో రెనెసాస్‌లో కలిసిపోయింది. హిటాచీ, మిత్సుబిషీల చిప్పుల విభాగాలు 2003లో కలిసి పెట్టుకున్నదే ఆ రెనెసాస్. జపాన్‌లో ఆ గింజ కథ అలా ముగిసింది. కానీ అది అంతకు ముందే సముద్రం దాటి కొరియాలో స్థిరపడింది. శామ్‌సంగ్ అదే ట్రాన్సిస్టర్‌ను కేఎస్‌ఏ992, కేఎస్‌సీ1845 అన్న పేర్లతో చేసింది. మొదటి అక్షరాలు చూస్తే కొరియా పుట్టుక తెలిసిపోతుంది. 1999లో శామ్‌సంగ్ ఆ పవర్ విభాగాన్ని అమెరికా కంపెనీ ఫెయిర్‌చైల్డ్‌కి అమ్మింది. 2016లో ఫెయిర్‌చైల్డ్‌ను ఆన్ సెమీకండక్టర్ కొనుక్కుంది. ఆ ఆన్ సెమీకండక్టర్ ఏమో 1999లో మోటరోలా నుంచి విడిపోయి పుట్టింది. 2ఎన్3055ని పుట్టించిన ఆర్‌సీఏ చిప్పుల విభాగం 1986లో జీఈకి, 1988లో హారిస్‌కి పోయింది. తాత ఒక ఇంట్లో, తండ్రి ఒక ఇంట్లో, మనవడు ఇంకో ఇంటి పేరుతో. మన ఊళ్ల ఖబరస్తాన్‌లో రాళ్లు చదివినట్టే ఉంటుంది ఈ కంపెనీల కథ. కానీ చేతికి అందే మాట ఒకటి తేలింది. కేఎస్‌ఏ992 అన్నది ఎవరో పోలిక చూసి తెచ్చిన పరాయి బదల్ కాదు. ఎన్‌ఈసీ గింజకి సొంత వారసుడు. 120 వోల్టులు, జపాన్ కాళ్ల వరస, ఎఫ్ అన్న గ్రేడ్ అయితే గెయిన్ 300 నుంచి 600 మధ్య.

నమ్మకమైన పెద్ద డీలర్ దగ్గర రసీదుతో ఇరవై తెప్పించాం. అవసరం నాలుగే, ఒక్కో చానల్‌కి రెండు. చెడింది ఎడమదే అయినా కుడిదీ మార్చాలి, లేకపోతే రెండు వైపులా ఆవాజ్‌లో తేడా ఉండిపోతుంది. మిగతావి జోడీ కుదర్చడానికి. ఇరవైనీ ఒక్కొక్కటే టెస్టర్‌లో పెట్టి అంకెలు కాగితం మీద రాశాం. చేత్తో పట్టుకుంటే వేలి వేడికే అంకె మారుతుంది కాబట్టి చిమ్టాతో పట్టాలి, ఒక నిమిషం ఆగాలి. పెళ్లి సంబంధాలు చూసినంత సేపు పట్టింది. 418కి 421, 437కి 436 కుదిరాయి.

బిగించాక నేరుగా కరెంటు ఇవ్వకూడదు. మన మెకానిక్‌ల పాత పద్ధతి, సీరీస్ బల్బు. యాంప్లిఫయర్‌కి ముందు, తీగ మధ్యలో ఒక 100 వాట్ల పాత తరం బల్బు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు మొత్తం వెలుగుతుంది, యాంప్లిఫయర్ బతుకుతుంది. అంతా సవ్యంగా ఉంటే బల్బు ఒకసారి మెరిసి ఎర్రటి తీగలా సన్నబడుతుంది. దీనికి ఎల్‌ఈడీ పనికిరాదు. తీగ బల్బే కావాలి. ఇప్పుడు ట్రాన్సిస్టర్ కంటే ఆ బల్బు వెదకడమే కష్టమైంది. చివరికి ఒక ఖాలా వాళ్లింట్లో, కోడిపిల్లల బుట్ట మీద వేలాడుతున్నది అడిగి తెచ్చాం.

బల్బు మెరిసింది, సన్నబడింది. స్పీకరు తీగ దగ్గర డీసీ కొలిస్తే ఎడమ పక్క 9 మిల్లీవోల్టులు, కుడి పక్క 12. వెయ్యి మిల్లీవోల్టులు ఒక వోల్టు అనుకుంటే ఇవి ఏమీ లేనట్టే. వెనకాల ఉన్న పెద్ద ఇనుప ట్రాన్సిస్టర్లను మేం ముట్టుకోలేదు. వాటి కింద అభ్రకం రేకులు, తెల్ల పేస్టు అన్నీ 1978వే. పేస్టు ఎండిపోయింది, అది మాత్రం కొత్తది రాశాం. బతికున్నదాన్ని 'పాతబడింది' అని పీకి కొత్తది పెట్టడం నాకు ఇష్టం లేదు. అవి ఇంకా తమ జమానాలోనే ఉన్నాయి, ఉండనీ.

అమ్మీ మూడో క్యాసెట్ పెట్టమంది. మామూ జెద్దా నుంచి మా నానీకి ఎవరెవరికి ఎంత డబ్బు ఇవ్వాలో చెబుతున్నాడు. వెనకాల ఎవరో పాత్రలు కడుగుతున్న చప్పుడు. ఆ చప్పుడు ఉందని మాకు ఇన్నేళ్లూ తెలీదు. అమ్మీ దాన్ని రెండుసార్లు వెనక్కి తిప్పించుకుంది.

డైరీ ఇప్పుడు నా దగ్గర ఉంది, అమానత్‌గా. ఆదివారాలు కూర్చుని తెలుగు అంకెల్లోకి, కాదు, అందరూ చదివే మామూలు అంకెల్లోకి ఎక్కిస్తున్నాను. పక్కన ఉస్తాద్ రాసిన దక్కనీ మాట కూడా తెలుగు లిపిలో అలాగే రాస్తున్నాను. నూట నలభై పేజీల్లో అరవై అయ్యాయి. కొన్ని చోట్ల సిఫర్ చుక్కో, ఈగ పెట్టిన చుక్కో తేల్చుకోలేకపోతున్నాను. అలాంటివి పక్కన పెట్టి, వారానికొకసారి దుకాణానికి వెళ్లి, డేటాషీట్లు తెరిచి, వోల్టులూ కాళ్లూ కుదిరేది ఏదో ఇద్దరం కలిసి చూస్తున్నాం. పోయిన వారం చూసిన వాటిలో రెండు సిఫర్‌లు, ఒకటి ఈగది.